మంచులో గంధరాజం

2014 జనవరి మొదట్లో న్యూజెర్సీలో చలి మైనస్ 16 డిగ్రీల దాకా దిగింది. గాలి తగ్గాక వెనక పెరట్లోకి వెళ్ళి చూస్తే, గోడవారన ఉన్న గంధరాజం ఆకులన్నీ మాడిన కాగితాల్లా నల్లబడి ఉన్నాయి. గోటితో గీరితే కొమ్మలో పచ్చదనం లేదు. నేల రాయిలా గడ్డకట్టి ఉంది కాబట్టి పీకెయ్యడం కుదరలేదు. ఫోనులో చెబితే అమ్మ, "ఆ మంచులో గంధరాజం ఏంటే పిచ్చిపిల్లా, అక్కడ బతికేవేవో అవే పెంచుకోరాదూ" అంది. నిజమే అనిపించింది. మే నెలాఖరులో ఆ చోట వేరే మొక్క పెడదామని గునపం పట్టుకుని వెళ్ళాను. ఎండిపోయిన మొదట్లోంచి, మట్టికి అంగుళం పైన, రెండు చిగుళ్ళు వచ్చి ఉన్నాయి.

కొన్న రోజున ఆ మొక్కకి వేలాడదీసిన చీటీ మీద 'క్లైమ్స్ హార్డీ గార్డీనియా' అని ఉంది. చలికి ఓర్చే గార్డీనియా అన్నమాట. ఎన్నో ఏళ్ళుగా ఆ చీటీ డ్రాయరులో పడి ఉంది. గార్డీనియా అన్న పేరు ఎక్కడిదో నేనెప్పుడూ ఆలోచించలేదు. తోట అంటే ఇంగ్లీషులో గార్డెన్ కదా, అందులోంచే వచ్చి ఉంటుందనుకున్నాను. చదివిందేమో వృక్షశాస్త్రం!

ఆ చదువు గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఎమ్మెస్సీ బోటనీ పూర్తిచేసి 1999లో పెళ్ళయి హెచ్-4 వీసా మీద ఈ దేశం వచ్చాను. భర్త ఉద్యోగం మీద ఆధారపడి వచ్చిన భార్యకిచ్చే వీసా అది. దానితో ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. 2015లో ఆ నిబంధనని కొందరికి సడలించారు. ఈలోగా నాలాంటి వేల మంది తెలుగు ఆడవాళ్ళ డిగ్రీలు సూట్‌కేసుల్లో ఉండిపోయాయి. నాకు పెరడు మిగిలింది. అందుకే ఆ వేసవిలో గార్డీనియా పేరు వెంటబడి వెళ్ళినప్పుడు, పెళ్ళితో ఆగిపోయిన మరో వృక్షశాస్త్రజ్ఞురాలి దగ్గరికి చేరడం నాకు వట్టి సమాచారంలా అనిపించలేదు.

చిత్తడినేలలో మొదటి గార్డీనియా

ఆమె పేరు జేన్ కోల్డెన్. 1724లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి కాడ్వాలడర్ కోల్డెన్ స్కాట్లండ్‌లో చదువుకున్న వైద్యుడు, న్యూయార్క్ వలసరాజ్యపు భూముల సర్వే అధికారి. జేన్‌కి నాలుగేళ్ళప్పుడు కుటుంబం హడ్సన్ నది లోయలో, న్యూబర్గ్ దగ్గర, తమ ఎస్టేటుకు మారింది. దానికి కోల్డెన్‌హామ్ అని పేరు పెట్టుకున్నారు. మా ఇంటినుంచి కారులో రెండు గంటల దూరం. నదులు గడ్డకట్టే చలి అక్కడ.

స్వీడన్‌లో లినేయస్ మొక్కల్ని వర్గీకరించే కొత్త పద్ధతిని ప్రవేశపెడుతున్న కాలం అది. పువ్వులోని కేసరాల సంఖ్యను బట్టి తరగతి, అండకోశాల సంఖ్యను బట్టి దాని కిందిస్థాయి. మగ భాగాలకు పై మెట్టు, ఆడ భాగాలకు కింది మెట్టు ఎందుకిచ్చాడన్న ప్రశ్నను స్త్రీవాద చరిత్రకారిణి లోండా షీబింగర్ 1990లలో వేసే దాకా పెద్దగా ఎవరికీ తట్టలేదు. ఆ పద్ధతంతా లాటిన్‌లో ఉండేది. ఆడపిల్లలకు లాటిన్ నేర్పరు. కాడ్వాలడర్ కూతురి కోసం లినేయస్ సూత్రాలను ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాడు. దానికి ఆయన్ని మెచ్చుకోవలసిందే. కానీ 1755లో హాలండ్‌లోని ఒక పండితుడికి రాసిన ఉత్తరంలో ఆయన చెప్పిన కారణం చూడండి: ఆడవాళ్ళకు సహజంగా ఉండే కుతూహలానికీ, రకరకాల దుస్తుల అందాల మీద ఉండే ఇష్టానికీ వృక్షశాస్త్రం చక్కగా సరిపోతుందట. తలుపు తెరుస్తూనే లోపల ఎక్కడ కూచోవాలో చెప్పడం అంటే ఇదే.

జేన్ ఆ చోట కూచోలేదు. హడ్సన్ లోయ మొక్కల్ని మూడు వందలకు పైగా ఒక్కొక్కటిగా పరీక్షించి వర్ణించింది. ఆకులకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీసింది. ఆదివాసుల దగ్గరా, పల్లె జనం దగ్గరా తెలుసుకున్న మందు గుణాలు రాసింది. లినేయస్ చెప్పిన లక్షణం తను చూసిన పువ్వుకి సరిపోకపోతే, సరిపోలేదని రాసింది. ఇంటికొచ్చిన అతిథి ఒకరు ఆమె వృక్షశాస్త్రాన్ని పొగుడుతూ, అమెరికాలో తను తిన్నవాటిలో అంత మంచి చీజ్ చేసేది ఈమేనని కూడా రాసిపెట్టాడు. రెండు పనులూ ఆమెవే. ఒకటి చేస్తే రెండోది మానే వీలు ఆమెకు లేదు.

ఆ ఎస్టేటు పని మొత్తం ఎవరు చేశారన్న ప్రశ్న కూడా వెయ్యకుండా ఈ కథ చెప్పకూడదు. కోల్డెన్ ఇంట్లో బానిసలుండేవారు. 1717లో కాడ్వాలడర్ ఒక నల్లజాతి స్త్రీని బార్బడోస్‌కు అమ్మకానికి పంపుతూ రాసిన ఉత్తరం మిగిలింది. ఆమె పిల్లలు కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఆమె ఇక్కడుంటే వాళ్ళని చెడగొడుతుందని ఆయన భయం. జేన్ పుట్టక ముందటి సంగతే అయినా, ఆమెకు పుస్తకం ముందు కూచునే తీరిక దొరికింది ఆ ఇంట్లోనే. ఒక స్త్రీ పేరు వెలికి తీస్తున్నప్పుడు, పేరైనా మిగలని మరో స్త్రీ పక్కనే ఉంటుంది.

1753 వేసవిలో జేన్‌కు చిత్తడినేలలో ఒక చిన్న మొక్క కనిపించింది. లేత గులాబీరంగు పువ్వు, అయిదు రేకులు. చూడ్డానికి సెయింట్ జాన్స్ వర్ట్ అని పిలిచే హైపెరికం మొక్కల్లా ఉంది గానీ వాటి పువ్వులు మామూలుగా పసుపుపచ్చవి, కేసరాలు లెక్కలేనన్ని. ఇందులో కేసరాలు మూడేసి చొప్పున మూడే కట్టలు. కట్టలకు మధ్య మూడు చిన్న గ్రంథులు. ఇది హైపెరికం కాదు, వేరే ప్రజాతి అని ఆమె తేల్చింది. పైగా లినేయస్ వర్గీకరణలో లేని కొత్త శ్రేణి కూడా కావాలంది. మరుసటేడు దక్షిణాన చార్ల్‌స్టన్ నుంచి అలెగ్జాండర్ గార్డెన్ అనే యువ వైద్యుడు కోల్డెన్‌హామ్ వచ్చాడు. మొక్కల పిచ్చి ఉన్నవాడు. అతని గౌరవార్థం ఆమె ఈ మొక్కకి గార్డీనియా అని పేరు పెట్టింది. ఆమె వర్ణన గార్డెన్ ద్వారా ఎడిన్‌బరో చేరి 1756లో అక్కడి ఒక పండిత సంపుటంలో అచ్చయింది.

అంటే మొట్టమొదటి గార్డీనియా ఒక స్త్రీ పేరు పెట్టిన పువ్వు. గడ్డకట్టిన బురదలో శీతాకాలమంతా ఉండి, వేసవిలో మళ్ళీ లేచే పువ్వు.

గాజుఇంట్లో రెండో గార్డీనియా

దాదాపు అదే సమయంలో, 1754లో, ఒక ఓడ కెప్టెన్ గుడ్‌హోప్ అగ్రం దగ్గర ఆగినప్పుడు తెల్లటి, ముద్ద పువ్వుల పొద ఒకటి వాసనతో అతన్ని ఆకట్టుకుంది. దాన్ని ఇంగ్లండ్ తెచ్చి, లండన్ పక్కన వుడ్‌ఫర్డ్‌లో ఉన్న రిచర్డ్ వార్నర్ అనే సంపన్నుడికి ఇచ్చాడు. ఆ పొద నిజానికి ఆఫ్రికాది కాదు. చైనా, జపాన్ వైపు శతాబ్దాలుగా పెంచుతున్నది. కాయలతో పసుపు రంగు అద్దుతారు, మందుల్లో వాడతారు. అయినా 'కేప్ జాస్మిన్' అన్న తప్పు పేరు దానికి అంటుకుపోయింది. మన గంధరాజం అదే. మన అడవుల్లో జిగురు కారే బిక్కి చెట్లు దీని చుట్టాలు.

వార్నర్ దాన్ని పొయ్యి వేడి తగిలే గాజుఇంట్లో పెట్టాడు. జేమ్స్ గోర్డన్ అనే నర్సరీ యజమాని కొమ్మ ముక్కలు నాటి మొక్కలు చేసి అమ్మాడు. లండన్ వ్యాపారి, ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ ఎల్లిస్ ఇది మల్లె కాదు, కొత్త ప్రజాతి అన్నాడు. వార్నర్ పేరు పెడతానంటే వార్నర్ వద్దన్నాడు. అప్పుడు ఎల్లిస్ తన స్నేహితుడైన చార్ల్‌స్టన్ వైద్యుణ్ణి తలుచుకుని గార్డీనియా అన్నాడు. లినేయస్ ఒప్పుకున్నాడు. 1761లో రాయల్ సొసైటీ పత్రికలో అది స్థిరపడింది. ఒకే పేరుతో రెండు ప్రజాతులుండవు. జేన్ మొక్కను లినేయస్ హైపెరికంలోనే ఉంచేశాడు.

కుట్ర జరిగిందని నేననడం లేదు. ఎల్లిస్‌కి జేన్ మీద గౌరవమే ఉంది. 1758లో లినేయస్‌కి రాస్తూ, ఈ అమ్మాయి తన పద్ధతిలోనే వందల మొక్కల్ని వర్ణించింది, బంగారు దారాల్లాంటి వేళ్ళున్న ఒక అడవిమొక్కకు 'కోల్డెనెల్లా' అని పేరు పెట్టండని అడిగాడు. పీటర్ కాలిన్‌సన్ కూడా లినేయస్‌కి ఆమె గురించి రాశాడు. లినేయస్ ఆ పేరూ పెట్టలేదు. ఉత్తరాల్లో పొగడ్తలు మిగిలాయి, పట్టికలో పేరు మిగల్లేదు. మనకు బాగా తెలిసిన వ్యవహారమే.

తండ్రి పేరు మాత్రం పట్టికలో ఉంది. 'కోల్డెనియా ప్రోకుంబెన్స్' కాడ్వాలడర్ గౌరవార్థం లినేయస్ పెట్టిన పేరు. ఎమ్మెస్సీలో దాన్ని నేను హెర్బేరియం షీటు మీద అతికించాను. కోత అయ్యాక ఎండిన వరిమళ్ళలో, నీరు తగ్గిన చెరువుల్లో, నేలకు అంటుకుని పాకే ముడతల ఆకుల కలుపుమొక్క. కోల్డెన్ ఎవరని మా క్లాసులో ఎవరూ అడగలేదు. తెనాలి పొలాల్లో తండ్రి పేరు ఉంది. కూతురికి తను పెట్టిన ఒక్క పేరూ దక్కలేదు.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఇంకోటుంది. జేన్ కూడా తన పేరు పెట్టుకోలేదు. ఒక మగవాడి పేరే పెట్టింది. కాబట్టి ఆమె పోగొట్టుకున్నది కీర్తి కాదు. ఇది వేరని చూసి, చెప్పి, పేరుపెట్టే అధికారం. గార్డెన్ ఆ తెల్లపువ్వును కనుక్కోలేదు, వర్ణించలేదు, పెంచి పంచలేదు. అయినా పేరు అతనిదే. చూసినామె చూపు లెక్కలోకి రాలేదు. ఆ చూపు తప్పు కూడా కాదు. 1830లలో రాఫినెస్క్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గులాబీ పువ్వుని హైపెరికం నుంచి విడదీసి 'ట్రయడీనం' అనే వేరే ప్రజాతి చేశాడు. మూడు గ్రంథులు అని ఆ పేరు అర్థం. జేన్ ఎత్తిచూపినవి అవే. ఈ కాలపు డీఎన్ఏ పరిశోధన తరవాత కొందరు మళ్ళీ హైపెరికంలో కలుపుతున్నారు. ఆ వాదన సాగనీండి. ఎనభై ఏళ్ళ ముందే ఆ వాదన మొదలుపెట్టింది హడ్సన్ లోయలో లాటిన్ రాని ఆడపిల్ల.

1759లో జేన్ విలియం ఫర్కుహార్ అనే వైద్యుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆ తరవాత ఆమె మొక్కల గురించి రాసినది ఏదీ మనకు దొరకలేదు. 1766లో చనిపోయింది. ఒక్క బిడ్డ, ఆ బిడ్డా అదే ఏడు పోయింది. ఆమె రాతప్రతి అమెరికన్ విప్లవయుద్ధంలో ఒక జర్మన్ సైనికాధికారి చేతికి, అటునుంచి జోసెఫ్ బ్యాంక్స్ దగ్గరికి, చివరికి లండన్ మ్యూజియంకి చేరింది. 1963లో అందులో కొంత భాగాన్ని అచ్చువేసింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. ఆమె ఊరివైపు ఆరెంజ్, డచెస్ కౌంటీల గార్డెన్ క్లబ్బు. పూలకుండీల ఆడవాళ్ళని మనం నవ్వుకునే క్లబ్బుల్లాంటిదే.

తలలో పువ్వు, వెనక తలుపు

గాజుఇంటి గార్డీనియా మాత్రం వర్ధిల్లింది. 1845లో ఇంగ్లండ్ గాజు మీద పన్ను ఎత్తేశాక ధనవంతుల శీతాకాలపు తోటలు పెరిగాయి. లోపల ఉష్ణమండలం, బయట మంచు. రాత్రంతా బాయిలరులో బొగ్గు వేసేవాడు ఉంటేనే ఆ ఉష్ణమండలం. 1896లో లండన్ క్యూ తోటలో మొదటిసారి ఆడవాళ్ళని తోటపనికి తీసుకున్నప్పుడు, మగవాళ్ళలా నికర్‌బాకర్ లాగులు వేసుకుని పనిచెయ్యాలన్నారు. లోపల పువ్వులు సుకుమారంగా ఉండాలి, వాటిని పెంచే ఆడవాళ్ళు ఆడవాళ్ళలా కనిపించకూడదు.

న్యూయార్క్ చలిలో, 1930లలో, బిల్లీ హాలిడే తలలో గార్డీనియాలు పెట్టుకుని పాడేది. 1938లో ఆమె పాడుతున్న హోటల్లోనే ఆమెను సరుకుల లిఫ్టులో వెళ్ళమన్నారు. 1940లో హాటీ మెక్‌డానియల్ తలలో గార్డీనియాలతో వెళ్ళి ఆస్కార్ అందుకుంది. నల్లజాతి వాళ్ళెవరికీ అంతకుముందు రాని బహుమతి అది. ఆమెని కూచోబెట్టింది హాలు చివర విడిగా వేసిన బల్ల దగ్గర. చార్ల్‌స్టన్ బానిస వ్యాపారపు రేవు. ఆ ఊరి వైద్యుడి పేరున్న పువ్వును ఈ ఇద్దరూ తలలో పెట్టుకున్నారు. ఆ పువ్వు వాళ్ళ తలల మీదే ఎక్కువ గుర్తుండిపోయింది. పేరు ఎవరిదైనా పువ్వు ఎవరిదవుతుందన్నది వేరే ప్రశ్న కాబోలు.

చలి దాటించడం

ఇరవయ్యో శతాబ్దంలో గార్డీనియాని గాజుఇంటి బయటికి తెచ్చే ప్రయత్నాలు జరిగాయి. చలికి చావని మొక్కల్ని ఏరి, వాటి కొమ్మలే నాటుతూ పోవడం. ఒంటిరేకు పువ్వుల 'క్లైమ్స్ హార్డీ', ముద్దపువ్వుల 'చక్ హేస్', ఈ రెండింటికీ పుట్టిన 'క్రౌన్ జ్యూయెల్', ఇంకా 'ఫ్రాస్ట్ ప్రూఫ్' అలా వచ్చాయి. మైనస్ 15 దాకా ఓరుస్తాయంటారు. పేరులో ఉన్నంత ధైర్యం మొక్కలో ఉండదు. చంపేది చలి ఒక్కటే కాదని నాకు మూడు మొక్కలు పోయాక తెలిసింది.

మొదటిదాన్ని అక్టోబరులో నాటాను. వేరు పట్టేలోగా నేల గడ్డకట్టింది. రెండోదాన్ని తూర్పు వైపు పెట్టాను. గడ్డకట్టిన ఆకు మీద పొద్దుటెండ ఒక్కసారిగా పడితే ఆకు కమిలిపోతుంది. మూడోది సిమెంటు పునాదికి ఆనుకుని ఉంది. సిమెంటులోంచి దిగే సున్నానికి ఆకులు పసుపెక్కి, నీరసించి చలికి లొంగిపోయింది. గంధరాజానికి పుల్లటి నేల కావాలి. పచ్చటి ఆకు శీతాకాలంలోనూ నీరు వదులుతూనే ఉంటుంది. నేల గడ్డకడితే వేరు తాగలేదు. మంచులో మొక్క దాహంతో చస్తుంది. అందుకే వసంతంలో నాటాలి, ఉత్తరపు గాలికి గోడ అడ్డం ఉండాలి, గడ్డకట్టే ముందు బాగా తడపాలి, మొదట్లో ఆకుల దుప్పటి మందంగా కప్పాలి, ఆగస్టు తరవాత ఎరువు వెయ్యకూడదు. లేత చిగురే మొదట చచ్చేది.

గంధరాజం పక్కన మిగతావీ చేరాయి. నారకోసం జపాన్‌లో పెంచిన 'బాస్జూ' అరటి మొదటి మంచుకే ఆకు వాల్చేస్తుంది. బోదె నరికి, దుంప మీద మోకాలెత్తు ఎండాకు కప్పితే మేలో మళ్ళీ లేస్తుంది. గెల తిననిస్తుందని ఆశపడకూడదు. మెట్టతామర దుంపలు తవ్వి బేస్‌మెంటులో పెట్టుకోవాలి. చిత్తడిలో పెరిగే ఇక్కడి మందార శీతాకాలంలో పూర్తిగా మాయమై, వేసవిలో పళ్ళెమంత పువ్వు పూస్తుంది. చూడ్డానికి కృష్ణా జిల్లా పెరడులా ఉంటుంది. నిజానికి అందులో సగం చలిదేశపు మొక్కలే.

ఒక విషయం దాచకూడదు. ఇది నా నేర్పు ఒక్కటే కాదు. అమెరికా వ్యవసాయశాఖ చలిని బట్టి దేశాన్ని మండలాలుగా చూపే పటం వేస్తుంది. 1990 పటంలో మా ప్రాంతం ఆరో మండలం. ఇప్పుడు ఏడు. 2023 పటంలో దేశంలో సుమారు సగం అర మండలం చొప్పున వెచ్చబడింది. నా గంధరాజం బతకడంలో భూమి వేడెక్కడానికీ వాటా ఉంది. సంతోషంలో ఆ ముల్లు ఉండనే ఉంది.

రాసిపెట్టుకోవడం

గడిచిన ఆగస్టులో హడ్సన్ లోయలో ఒక చిత్తడినేలకు వెళ్ళాను, జేన్ పువ్వును చూద్దామని. చెక్కబాట పక్కన, మోకాలెత్తు కూడా లేదు. ఎర్రబారిన కాడ, ఎదురెదురు ఆకులు, చిటికెన గోరంత గులాబీ పువ్వు. వాసన లేదు. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. మూడేసి కేసరాలు, మూడు కట్టలు, మధ్యలో మూడు గ్రంథులు. అక్కడి చలి మైనస్ 20 దాటుతుంది. ఏ దుప్పటీ కప్పేవాళ్ళు లేరు. 'హార్డీ గార్డీనియా' కోసం రెండు వందల ఏళ్ళు పడిన శ్రమంతా గుర్తొచ్చింది. అది ముందునుంచీ ఇక్కడే ఉంది.

మా వీధిలో నలుగురు తెలుగు ఆడవాళ్ళం. అక్టోబరు వచ్చిందంటే కరివేపాకు కుండీలు లోపలికి, మే వచ్చిందంటే బయటికి. ఏ కిటికీ దగ్గర ఆకు రాలదు, ఎప్పుడు నీళ్ళు తగ్గించాలి, పేను పడితే ఏం కొట్టాలి, అన్నీ తెలుసు. ఒకరి కొమ్మ ఇంకొకరింట్లో బతుకుతుంది. ఇరవై ఏళ్ళ జ్ఞానం. ఎక్కడా రాసిలేదు. అడిగితే, "అదేముందండీ, ఏదో అలా" అంటారు. నేనూ అన్నదాన్నే.

ఆ మాట అనడం మానేశాను. ఈ శీతాకాలం నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, ఆ రాత్రి చలి, ఏ కొమ్మ ఎంతవరకు ఎండింది, చిగురు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు చెప్పిన ఉపాయం. చెప్పినవాళ్ళ పేరు తప్పకుండా రాస్తున్నాను. మొదటి పేజీలో అమ్మ చెప్పిన మాట ఉంది. చిగుళ్ళు వచ్చాయని ఫోను చేసిన రోజున అంది: "కొమ్మ చచ్చినా వేరుని తొందరపడి పీకకే." అది 2014 జూన్ తారీఖుతో, ఆమె పేరుతో ఉంది.